రాకీ మౌంటెన్ పార్కుకు ఏ మ్యాప్ కొనాలి?

(డెన్వర్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు వేసవి హైకింగ్‌కి ముందు పెట్టుకున్న సమావేశంలో చేసిన ప్రసంగం ఇది. మాట్లాడిన తీరు మార్చకుండా రాశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు కాస్త ముందుకు రండి, ఈ మ్యాపులు అంత దూరం నుంచి కనపడవు. టేబుల్ మీద పరిచినవన్నీ చేత్తో పట్టుకుని చూడొచ్చు. పిల్లల చేతుల్లో జ్యూస్ డబ్బాలు ఉంటే మాత్రం కొంచెం చూసుకోండి, ఒక్కటి తప్ప మిగతావన్నీ తడిస్తే పోతాయి. ఆ ఒక్కటి ఏదో తర్వాత చెబుతాను.

మన వాట్సాప్ గ్రూపులో మే నెల వచ్చిందంటే చాలు, "రాకీ మౌంటెన్‌కి బెస్ట్ మ్యాప్ ఏది?" అని ఎవరో ఒకరు అడుగుతారు. పది నిమిషాల్లో పదిహేను జవాబులు వస్తాయి, అన్నీ యాప్‌ల పేర్లే. అడిగినవాళ్లు ఎక్కడికి వెళ్తున్నారు, కారులోనే తిరుగుతారా, నడుస్తారా, వెంట ఎవరున్నారు, ఏ నెల, ఇవేవీ ఎవరూ అడగరు. అవి తెలియకుండా నేనైతే ఏ పేరూ చెప్పలేను. పార్కు చిన్నదేం కాదు. 1915లో ఏర్పడింది, సుమారు 415 చదరపు మైళ్లు, అందులో 350 మైళ్లకు పైగా ట్రైల్స్, అంటే నడక దారులు, ఉన్నాయి. ఎస్టెస్ పార్క్ ఊరు దాటాక కనిపించే పచ్చిక మైదానాలు 8,000 అడుగుల ఎత్తులో ఉంటే, లాంగ్స్ పీక్ కొన 14,259 అడుగులు. ఇంత తేడా ఉన్నచోట మైళ్లు మాత్రమే చూపించే మ్యాప్ పెట్టుకుని ప్లాన్ చేస్తే ప్లాన్ సగమే అయినట్టు.

ముందు ఫ్రీగా వచ్చేదాని సంగతి చూద్దాం. గేటు దగ్గర డబ్బులు కట్టగానే రేంజర్ చేతిలో పెట్టే మడత కాగితం, పైన నల్ల పట్టీ ఉంటుంది చూడండి, అదే. అమెరికాలో ఏ నేషనల్ పార్కుకి వెళ్లినా ఇదే పద్ధతిలో ఉంటుంది. 1977లో మాసిమో విన్యెల్లీ అనే డిజైనర్ వేసిన నమూనా, ఇప్పటికీ అదే నడుస్తోంది. నాకు చాలా ఇష్టం, చూడ్డానికి ఎంత బాగుంటుందో. కొండలకు నీడలు వేసి లోయలు లోతుగా కనపడేలా గీస్తారు. రోడ్లు, విజిటర్ సెంటర్లు, క్యాంప్‌గ్రౌండ్లు, బాత్రూములు, ఏ రోడ్డు చలికాలం మూసేస్తారు, అన్నీ ఉంటాయి. ట్రెయిల్ రిడ్జ్ రోడ్డు మీద ఎస్టెస్ పార్క్ నుంచి గ్రాండ్ లేక్ వరకు 48 మైళ్లు కారులో వెళ్లి రావడానికి ఇంతకు మించి ఏమీ అక్కర్లేదు. ఆ రోడ్డు మామూలుగా అక్టోబర్ మధ్యలో మూసి మే చివర్లో తెరుస్తారు కాబట్టి ఏప్రిల్‌లో ఇండియా నుంచి అత్తమామలు వస్తున్నారని ఆ రోడ్డు ప్లాన్‌లో పెట్టకండి, అంతే.

కానీ నడకకు అది పనికిరాదు. ఎందుకో ఒక్క ఉదాహరణతో చెబుతాను. బేర్ లేక్ మనందరికీ తెలిసిందే. అక్కడి నుంచి 1.8 మైళ్లు వెళ్తే ఎమరాల్డ్ లేక్. అదే బేర్ లేక్ నుంచి ఇంకో ట్రైల్ మీద 4.4 మైళ్లు వెళ్తే ఫ్లాట్‌టాప్ మౌంటెన్. ఫ్రీ మ్యాప్ మీద ఎమరాల్డ్ లేక్ చుక్కకీ ఫ్లాట్‌టాప్ చుక్కకీ మధ్య గోరంత జాగా. "ఎమరాల్డ్ దాకా వెళ్లి, అక్కణ్ణుంచి పైకెక్కి ఫ్లాట్‌టాప్ చూసుకుని అటునుంచి దిగిపోతే రౌండ్ అయిపోతుంది కదా" అని మన గ్రూపులోనే అడిగారు. అడగడంలో తప్పేం లేదు, ఆ మ్యాప్ చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. నిజానికి సరస్సు 10,110 అడుగుల దగ్గర ఉంది, కొండ పైభాగం 12,324. గీత గీస్తే మధ్య దూరం మైలు కంటే కొంచెం ఎక్కువ, ఎక్కాల్సింది 2,200 అడుగులు. ట్రైల్ సరస్సు దగ్గరే అయిపోతుంది. అవతల ఉన్నది రాతి గోడలు, వాటి మధ్యలో టిండాల్ గ్లేసియర్. నీడలు వేసిన బొమ్మలో అది అందమైన బూడిదరంగు మరకలా కనిపిస్తుంది.

అదే చోటు ఇప్పుడు ఈ మ్యాప్ మీద చూడండి. ఈ గోధుమరంగు గీతలన్నీ ఎలా ఒకదానికొకటి అతుక్కుపోయాయో. ఇవే కాంటూర్లు. ఎన్‌సీసీ చేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఆ, మూర్తి గారు, ఇంకా ఇద్దరు. మీకు మ్యాప్ రీడింగ్ క్లాసు గుర్తుండే ఉంటుంది. మిగతావాళ్లం స్కూల్లో సోషల్ పుస్తకంలో ఒక బొమ్మ చూసి, పరీక్షకు నిర్వచనం రాసి వదిలేసినవాళ్లమే. అందులో మన తప్పేం లేదు లెండి, సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్లు, అంటే ఇలా కాంటూర్లు గీసిన మ్యాపులు, ఇంట్లో పరుచుకుని చూసే వస్తువులుగా మనమెవరం పెరగలేదు. 2005లో కొత్త పాలసీ వచ్చి జనానికి వేరే వరుస మ్యాపులు ఇవ్వడం మొదలుపెట్టేదాకా అవి అంత తేలిగ్గా దొరికేవి కూడా కాదు. ఇక్కడ అలా కాదు, యూఎస్‌జీఎస్ అనే అమెరికా ప్రభుత్వ భూగర్భ సర్వే సంస్థ వాళ్లు దేశం మొత్తానికి వేసిన మ్యాపులు ఇంట్లో కూర్చుని పైసా ఇవ్వకుండా దించుకోవచ్చు.

కాంటూరు అంటే ఏం లేదండీ, ఒకే ఎత్తులో ఉన్న చోట్లన్నిటినీ కలిపిన గీత. ఎండాకాలం చెరువులో నీళ్లు తగ్గేకొద్దీ గట్టు మీద చారలు మిగులుతాయి కదా, కొండకు అలాంటి చారలు గీశారనుకోండి. ఏటవాలు తక్కువుంటే చారలు దూరం దూరంగా, నిట్రంగా ఉంటే దగ్గర దగ్గరగా. ఈ పార్కు యూఎస్‌జీఎస్ షీట్ల మీద గీతకీ గీతకీ మధ్య 40 అడుగుల ఎత్తు. ప్రతి ఐదో గీత లావుగా ఉంటుంది, దాని మీద అంకె ఉంటుంది, అంటే లావు గీత నుంచి లావు గీతకి 200 అడుగులు. వేరే కంపెనీల మ్యాపుల్లో ఈ అంతరం వేరేగా ఉండొచ్చు, మూలన రాసి ఉంటుంది, అది చూడకుండా లెక్క మొదలుపెట్టొద్దు. ఇంకో మాట, 40 అడుగుల కంటే తక్కువ ఎత్తున్న రాతి గోడ రెండు గీతల మధ్య దాక్కుని కనపడకుండా పోవచ్చు. గీత లేదంటే అడ్డం లేదని కాదు.

ఇప్పుడు పెన్సిల్ తీసుకుని లెక్క వేద్దాం. 1892లో నైస్మిత్ అని స్కాట్లండ్ ఆయన ఒక లెక్క చెప్పాడు, ఇంకా అందరూ అదే వాడతారు. మూడు మైళ్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 2,000 అడుగులకు ఇంకో గంట. ఎమరాల్డ్ లేక్‌కి 1.8 మైళ్లు, ఎక్కేది 600 పైచిలుకు అడుగులు, అంటే ముప్పావు గంట, గంట. ఫ్లాట్‌టాప్‌కి 4.4 మైళ్లు, 2,850 అడుగులు, అంటే దాదాపు మూడు గంటలు. ఇది ఎక్కడా ఆగకుండా నడిచే గట్టి మనిషి లెక్క. మన గుంపుతో, ఈ ఎత్తులో ఉండే పల్చటి గాలిలో, ఫోటోలు, పులిహోర బ్రేకులు అన్నీ కలుపుకుంటే నేను నాలుగున్నర వేసుకుంటాను. దూరం చూస్తే ఫ్లాట్‌టాప్ రెండున్నర రెట్లే ఎక్కువ అనిపిస్తుంది. ఎత్తు చూస్తే నాలుగు రెట్లకు పైనే. కాళ్లకు తెలిసేది ఈ రెండోదే.

ఇక్కడితో ఆపకండి, అసలు విషయం ముందుంది. మ్యాప్ మీద పచ్చరంగు ఎక్కడ ఆగిందో వేలు పెట్టి చూడండి. పచ్చ అంటే చెట్లు, తెలుపు అంటే ఖాళీ. ఈ పార్కులో 11,400 అడుగుల అటూ ఇటూగా చెట్లు అయిపోతాయి. ఫ్లాట్‌టాప్ ట్రైల్‌లో చివరి మైలుకు పైగా తెల్లటి జాగాలోనే. జులై, ఆగస్టుల్లో ఇక్కడ మధ్యాహ్నం అయ్యేసరికి ఉరుములు మెరుపులు రావడం మామూలే అని మీ అందరికీ తెలుసు, మన పెరట్లోనే చూస్తుంటాం. ఆ సమయానికి ఆ తెల్లటి జాగాలో చుట్టూ అందరికంటే ఎత్తుగా నిలబడి ఉండేది మీరే. కాబట్టి వెనక నుంచి లెక్క వేయండి. పదకొండున్నరకల్లా మళ్లీ చెట్లలోకి దిగాలి, పైన అరగంట కూర్చుంటాం, చెట్ల దాకా దిగడానికి ముప్పావు గంట, ఎక్కడానికి నాలుగున్నర. అంటే బేర్ లేక్ దగ్గర ఆరు గంటలకు ముందే అడుగు పడాలి. అరోరా నుంచో హైలాండ్స్ రాంచ్ నుంచో బయల్దేరేవాళ్లు ఎన్నింటికి లేవాలో మీరే చూసుకోండి. ఇదంతా ఏ యాప్ చెప్పింది? ఒక కాగితం, రెండు రంగులు, ఒక పెన్సిల్, అంతే. యాప్‌లో ట్రైల్ పక్కన "మోడరేట్" అని రాసిన ఒక్క మాటలో ఇందులో ఏదీ ఉండదు.

సరే, మరి యూఎస్‌జీఎస్ షీట్లే తీసుకుందామా? అవి 1:24,000 స్కేలు, అంటే మ్యాప్ మీద అంగుళం నేల మీద 2,000 అడుగులు. వివరం బ్రహ్మాండంగా ఉంటుంది. ట్రైల్ వదిలి తిరిగేవాళ్లకు, కొండలెక్కే అలవాటున్నవాళ్లకు అవి కావాల్సిందే. మనలాంటివాళ్లకు ఇబ్బంది ఏమిటంటే ఒక్కో షీటు తూర్పు పడమరలు ఆరున్నర మైళ్లు, ఉత్తర దక్షిణాలు ఎనిమిదిన్నర మైళ్లే. అక్షాంశాలు, రేఖాంశాలు చూసి కత్తిరించినవి కాబట్టి కొండ ఎక్కడుందో, ట్రైల్ ఎటు పోతుందో దానికి పట్టదు. లాంగ్స్ పీక్ షీటు ఇదిగో, చూడండి. కొండ పేరే పెట్టారు కదా, మధ్యలో ఉంటుందనుకుంటాం. ఎక్కడుంది? నైరుతి మూలన. కింది అంచుకీ, ఎడమ అంచుకీ మైలు కూడా దూరం లేదు. కొన మీద నిలబడి చుట్టూ ఏముందో చూడాలంటే పడమర మెక్‌హెన్రీస్ పీక్ షీటు, దక్షిణం అలెన్స్ పార్క్ షీటు, మూలకు ఐసొలేషన్ పీక్ షీటు, నాలుగూ పరచాలి. బేర్ లేక్ అయితే అసలు ఈ షీటులోనే లేదు, పక్క షీటులో ఉంది. వారాంతం మొత్తానికి ప్లాన్ వేసేటప్పుడు, ఇది కుదరకపోతే అది అని నాలుగైదు ట్రైల్స్ పోల్చి చూసేటప్పుడు ఈ ముక్కలతో తల తిరిగిపోతుంది.

అందుకే నేను మొదట కొనమనేది ఇది, తడిసినా పోనిదని చెప్పానే, ఆ ప్లాస్టిక్‌ది. నేషనల్ జియోగ్రాఫిక్ వాళ్ల ట్రెయిల్స్ ఇలస్ట్రేటెడ్ వరుసలో 200వ నంబర్. 1:50,000 స్కేలు, పార్కు మొత్తం ఇందులోనే వచ్చేస్తుంది. కాంటూర్లు ఉన్నాయి, పచ్చరంగు ఉంది, జంక్షన్ నుంచి జంక్షన్‌కి ఎన్ని మైళ్లో ట్రైల్ పక్కనే రాసి ఉంటుంది, లోపల రాత్రి ఉండే క్యాంప్‌సైట్లూ ఉంటాయి. లాగినా చిరగదు. వివరం 1:24,000 అంత ఉండదు, నిజమే, గీతలు ఇరుక్కుపోయి కళ్లజోడు వెతుక్కోవాల్సి వస్తుంది. కానీ మన నడకలు నూటికి తొంభై దారి వేసిన ట్రైల్స్ మీదే కాబట్టి ఇది సరిపోతుంది. లాంగ్స్ పీక్, బేర్ లేక్, వైల్డ్ బేసిన్ భాగాన్ని పెద్దది చేసి 301వ నంబర్ అని ఇంకోటి కూడా వేశారు. ఎప్పుడూ ఆ తూర్పు వైపే తిరిగేవాళ్లు అది తీసుకున్నా మంచిదే. రెండూ కొనాలా అంటే, అక్కర్లేదు. కొనేవాళ్లను ఆపను.

కొనేముందు మాత్రం ఒక పని చేయండి. మూలన ఏ సంవత్సరం వేశారో చూడండి. పాత సామాన్ల షాపులోనో, గరాజ్ సేల్‌లోనో డాలరుకు దొరికిందని తెచ్చుకున్నవాళ్లు ఇక్కడ ఉన్నారని నాకు తెలుసు, పేర్లు చెప్పనులెండి. (నవ్వులు) కొండలు మారవు కదా అంటారు. ఈ పార్కులో మారాయి. 2013 సెప్టెంబర్ వరదలు గుర్తున్నాయా, అప్పటికే ఇక్కడున్నవాళ్లకు గుర్తుంటుంది. ఆ వానలకు ట్విన్ సిస్టర్స్ కొండ మీద పెద్ద చరియ విరిగి పడి ట్రైల్‌లో ఒక భాగాన్ని తుడిచిపెట్టేసింది. 2013కి ముందు వేసిన మ్యాప్ మీద ఆ ట్రైల్ మలుపులు చక్కగా ఉంటాయి, నేల మీద ఆ చోట ఉన్నది రాళ్లూ మట్టీ. లాన్ లేక్ వైపు కూడా అప్పుడు చాలా దెబ్బతింది. ఆ లోయకు ఇది కొత్తేం కాదు, 1982లో అక్కడ పైన ఉన్న పాత ఆనకట్ట తెగి వచ్చిన వరదకే అల్యూవియల్ ఫ్యాన్ ఏర్పడింది, మనం ఫోటోలు దిగే ఆ రాళ్ల గుట్ట అదే.

తర్వాత 2020. ఆ అక్టోబర్‌లో ఈస్ట్ ట్రబుల్‌సమ్ అనే కార్చిచ్చు కాంటినెంటల్ డివైడ్ అనే ఎత్తైన కొండల వరుసని దాటి ఇటు తూర్పు వైపుకి దూకింది. పైన చెట్లే లేని రాతి శిఖరాలు, దాటదులే అనుకున్నారు, నిప్పురవ్వలు గాలికి ఎగిరొచ్చి దాటేసింది. ఎస్టెస్ పార్క్ ఊరినే ఖాళీ చేయించారు. ఆ మంటా, కామెరాన్ పీక్ మంటా కలిసి పార్కులో సుమారు 30 వేల ఎకరాలు కాలిపోయాయి. పడమటి వైపు టోనాహుటు, నార్త్ ఇన్‌లెట్ లోయల్లో, తూర్పు వైపు ఫెర్న్ లేక్ చుట్టుపక్కల మ్యాప్ పచ్చగానే చూపిస్తుంది, అక్కడ మాత్రం కాలిన మాన్లు నిలబడి ఉంటాయి. నీడ ఉండదు, గాలి వీస్తే అవి పడతాయి. చిన్నపిల్లలతో వెళ్లి ఒక మాను కింద చాప పరుచుకునే ముందు తల ఎత్తి చూడాలన్నమాట. ఇలాంటివి ఏ అచ్చు మ్యాపూ సమయానికి చెప్పలేదు, అందుకే వెళ్లేముందు రోజు పార్కు వెబ్‌సైట్లో ట్రైల్ కండిషన్స్ పేజీ చూడటం తప్పదు. మే, జూన్‌లలో వెళ్లేవాళ్లకు మంచు సంగతి కూడా అక్కడే తెలుస్తుంది. డెన్వర్‌లో చొక్కా తడిసే ఎండ ఉన్నప్పుడు కూడా ఎమరాల్డ్ లేక్ ట్రైల్ నీడపట్టున గడ్డకట్టిన మంచు ఉంటుంది.

యూఎస్‌జీఎస్ మ్యాపులకూ ఈ తేదీల గొడవ ఉంది. ఇక్కడి పాత షీట్లు 1950లు, 60లలో వేసినవి, చేత్తో గీసిన పనితనం, నాకైతే చూస్తూ కూర్చోవాలనిపిస్తుంది. 2009 నుంచి కంప్యూటర్‌తో తయారుచేసే యూఎస్ టోపో వచ్చింది, కొన్నేళ్లకోసారి కొత్తది వేస్తారు. మొదట్లో వచ్చిన వాటిలో చాలా వాటి మీద ట్రైల్సే లేవు! తర్వాత చేర్చారు. కాబట్టి దించుకునేటప్పుడు తాజా తేదీది దించుకోండి.

దిక్సూచి వాడే ఉద్దేశం ఉన్నవాళ్లకు చిన్న ముక్క. ఇక్కడ సూది చూపించే ఉత్తరం అసలు ఉత్తరానికి సుమారు 8 డిగ్రీలు తూర్పుకు ఉంటుంది. పట్టించుకోకుండా మైలు నడిస్తే 740 అడుగులు పక్కకి పోతారు. పాత షీటు మీద ఇంకా ఎక్కువ డిగ్రీలు రాసి ఉంటుంది, ఎందుకంటే అది ఏళ్లు గడిచేకొద్దీ మారుతుంది. వాడనివాళ్లు ఇది మర్చిపోయినా ఫర్వాలేదు.

(సభలో ఒకరు: అన్నా, ఆల్‌ట్రైల్స్ యాప్ ఉంటే ఇదంతా ఎందుకు? అందరం అదే చూస్తున్నాం కదా.)

ఈ ప్రశ్న కోసమే చూస్తున్నాను తమ్ముడూ. నేనూ వాడతాను. ఫోన్ వద్దనే ముసలితనం నాకు ఇంకా రాలేదు. ట్రైల్ మీద ఉన్నప్పుడు "మనం ఎక్కడున్నాం" అనే ప్రశ్నకు ఆ నీలం చుక్క కంటే మంచి జవాబు లేదు. ప్లాన్ చేసేటప్పుడు ప్రశ్న అది కాదు కదా. "ఇక్కణ్ణుంచి ఇంకా ఎటు పోవచ్చు, ఓపిక అయిపోతే ఎటు తిరగొచ్చు, చెట్లు ఎక్కడ అయిపోతాయి, పార్కింగ్ దొరక్కపోతే రెండో చోటు ఏది?" ఇవీ ప్రశ్నలు. అరచేయంత తెర మీద వివరం చూస్తే చుట్టుపక్కల పోతుంది, చుట్టుపక్కల చూస్తే వివరం పోతుంది. పైగా యాప్ మీకు ఒక ట్రైల్ పేరు చూపించి స్టార్లు చూపిస్తుంది, దాంతో అందరం ఆ పది ట్రైల్స్ మీదే పడతాం. కాగితం పరిచి చూస్తే వైల్డ్ బేసిన్ అనే ఒక పెద్ద మూల ఉందని తెలుస్తుంది. ఉజెల్ ఫాల్స్ 2.7 మైళ్లు, ఎక్కేది వెయ్యి అడుగుల లోపు, దారిలో చాలావరకు చెట్లు, నీళ్ల చప్పుడు. మనవాళ్లు ఎందుకో అటు తక్కువ వెళ్తారు.

రెండో సంగతి. ఇలాంటి యాప్‌లలో చాలావాటికి అడుగున ఉన్నది ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్. ఎవరైనా గీతలు చేర్చొచ్చు. అది గొప్ప పని, నేనేమీ తీసేయట్లేదు. కానీ ఎవరో నాలుగుసార్లు అడ్డదారిన పోతే పడిన కాలిబాట కూడా అందులో ట్రైల్ లాగే చుక్కల గీతగా కనిపించొచ్చు. పార్కువాళ్లు వేసి బాగుచేస్తున్న ట్రైల్‌కీ దానికీ తేడా తెలియాలంటే పక్కన ఈ ప్లాస్టిక్ మ్యాప్ పెట్టుకుని పోల్చండి. ఫోన్లో ఉండి ఇందులో లేని గీత కనిపిస్తే, దాన్ని నమ్మి పిల్లల్ని తీసుకెళ్లొద్దు.

మూడోది మీకు తెలిసిందే, అయినా ప్రతిసారీ ఎవరో ఒకరు మర్చిపోతారు. పార్కులో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. జీపీఎస్‌కి సిగ్నల్ అక్కర్లేదు, ఫోన్ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ఉన్నా చుక్క వస్తుంది, కానీ కింద మ్యాప్ ముందే దించుకోకపోతే ఖాళీ తెర మీద నీలం చుక్క ఒక్కటే ఉంటుంది. కాబట్టి ఇంట్లో వైఫై ఉండగానే దించుకోండి, ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టి జూమ్ చేసి తెరుచుకుంటోందో లేదో చూసుకోండి. చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది, జేబులో ఒంటికి ఆనేలా పెట్టుకోండి.

లాంగ్స్ పీక్ గురించి మన కుర్రాళ్లు తెగ అడుగుతున్నారు కాబట్టి ఒక్క నిమిషం. ఇక్కడ మ్యాప్‌ని నమ్మడం కాదు, చదవడం రావాలి. ట్రైల్‌హెడ్, అంటే ట్రైల్ మొదలయ్యే చోటు, 9,405 అడుగులు, అక్కణ్ణుంచి కొన దాకా ఏడున్నర మైళ్లు. ఆరు మైళ్లు బౌల్డర్‌ఫీల్డ్ దాకా ట్రైల్. ఆ పైన కీహోల్ అనే రాతి సందు. అది దాటాక మిగిలింది మైలున్నర లోపే కదా అనిపిస్తుంది, చాలా మ్యాపుల మీద గీత కూడా తెగకుండా అలాగే సాగిపోతుంది. కానీ కీహోల్ తర్వాత ట్రైల్ లేదు. రాళ్ల మీద ఎరుపూ పసుపూ రంగులతో గుండ్రటి గుర్తులు వేసి ఉంటాయి, వాటిని పట్టుకుని చేతులూ కాళ్లూ వాడుతూ పోవాలి, పక్కన లోయ. ఇది హైక్ కాదు, కొండెక్కడం అని పార్కువాళ్లే రాస్తారు. గీత మీద నుంచి కళ్లు తీసి గీత కింద కాంటూర్లు చూడండి, నల్లగా అతుక్కుపోయి ఉంటాయి. తెల్లవారుజామునే, చీకట్లో బయల్దేరి మధ్యాహ్నానికి ముందే కొన దిగిపోవాలి, మొత్తం పన్నెండు గంటలు దాటడం మామూలే. కాంటూర్లు చూసి "వద్దులే, ఈసారికి చాస్మ్ లేక్ దాకా వెళ్దాం" అనుకున్నవాళ్లు తెలివైనవాళ్లని నా లెక్క. 4.2 మైళ్లు, 11,760 అడుగులు, లాంగ్స్ తూర్పు గోడ ఎదురుగా నిలబడి ఉంటుంది. కొన మీద నుంచి ఆ గోడ కనపడదు కూడా.

(సభలో ఒకరు: బాబూ, మేం ఇద్దరం అరవై దాటినవాళ్లం. మొన్ననే గుంటూరు నుంచి వచ్చాం. మాకు ఈ మ్యాపుతో పనుందా?)

ఉందండీ ఆంటీ గారూ, మీకే ఎక్కువ ఉంది. మీరు మైళ్లు చూడకండి, ఎత్తు అంకెలు చూడండి. గుంటూరు ఎక్కడో సముద్రానికి దగ్గర. డెన్వరే 5,280 అడుగులు. తూర్పు కనుమల్లో మన ఆంధ్రలోని ఎత్తైన కొండలు 5,500 చుట్టుపక్కల ఉంటాయి, అంటే మీ అబ్బాయి ఇల్లే ఇంచుమించు ఆ కొండ మీద ఉన్నట్టు. ట్రెయిల్ రిడ్జ్ రోడ్డు మీద ఆల్పైన్ విజిటర్ సెంటర్ 11,796. కారు దిగి మెట్లెక్కినా ఆయాసం వస్తుంది, తలనొప్పి రావచ్చు. వచ్చిన రెండో రోజే మిమ్మల్ని అక్కడికి తీసుకెళ్తానంటే వద్దనండి. బీపీ, గుండె మందులు వాడుతుంటే ముందు డాక్టర్‌ని అడగండి. మొదట స్ప్రేగ్ లేక్‌కో లిలీ లేక్‌కో తీసుకెళ్లమనండి. చుట్టూ మైలు కూడా లేని చదునైన దారి, 9,000 అడుగుల లోపే. మ్యాప్ మీద సరస్సు చుట్టూ దారికి అడ్డంగా ఒక్క కాంటూరు కూడా రాదు చూడండి, అదే మీకు కావాల్సిన గుర్తు.

(సభలో ఒకరు: చలికాలం స్నోషూయింగ్‌కి, అంటే మంచు మీద నడకకి కూడా ఇదే మ్యాప్ చాలా?)

చాలదు. చలికాలం ట్రైల్ మంచు కింద ఉంటుంది, జనం నడిచే దారి వేరేగా పడుతుంది, ఒక్కోసారి ఏటవాలు కిందుగా. మంచు చరియలు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద జారతాయి. కాల్‌టోపో అని ఒక సైటు ఉంది, అందులో వాలును బట్టి రంగులు వేసే పొర ఉంటుంది, పసుపు నుంచి ఎరుపు దాకా. ప్లాన్ అందులో చేయండి, రంగు ఉన్నచోటే కాదు, రంగు కింద కూడా నడవకుండా గీయండి, పైనుంచి జారింది కిందికే వస్తుంది. పొద్దున్నే కొలరాడో అవలాంచ్ సెంటర్ వాళ్ల హెచ్చరిక చూడండి. అవి చదవడం రాకపోతే బేర్ లేక్ చుట్టూ తిరిగి వచ్చేయండి, అదీ బాగానే ఉంటుంది.

ఇంకొక్కటి, ఏ మ్యాపూ చెప్పనిది. వేసవిలో పార్కులోకి టైమ్డ్ ఎంట్రీ రిజర్వేషన్, అంటే ఏ సమయానికి లోపలికి వెళ్తారో ముందే బుక్ చేసుకోవడం, కావాలి, బేర్ లేక్ రోడ్డుకి విడిగా ఉంటుంది, ఆ ఏడాది నియమాలు, గంటలు ఏమిటో ముందే చూసుకోండి. జులైలో వెళ్లేవాళ్ల పేర్లు ఆ కాగితం మీద రాయండి, కార్లు ఎన్నో తేలుతుంది. ఈ మ్యాపులు ఇంకో గంట ఇక్కడే ఉంటాయి. ఫ్లాట్‌టాప్ అనుకున్నవాళ్లు ఇటు రండి, పెన్సిళ్లు ఉన్నాయి, ఎవరి లెక్క వాళ్లు వేసుకుందాం.